మొరిగిన కోళ్లు

"నేను గొప్పలు చెప్పుకునేదాన్ని గాదు, మీకు ఎరికే," అన్నది ఈదమ్మ.

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరికి వాన వచ్చినా, పక్కూరి ఎద్దు ఈనినా తన చలవే అని చెప్పుకోవడం ఈదమ్మకు ముప్పై ఏళ్ల అలవాటు. ఎద్దు ఈనదని ఎవరన్నా అంటే, తాను చూసినప్పుడు ఈనిందని వాదించగలదు. మగవాళ్లు కల్లు కాంపౌండ్ ముందు కూర్చుని కోతలు కోస్తే దాన్ని లోకానుభవం అంటారు. ఈదమ్మ కోస్తే నోటిదురద అంటారు. ఆ తేడా ఆమెకు తెలుసు, కానీ పట్టించుకోలేదు.

ఆ రోజు ఆమె కూతురు జములమ్మ కాన్పయి ఇరవై ఒక్క దినాలు. వీపనగండ్లకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ పల్లెలో, ఎక్కడో యుద్ధమని చెప్పి ఇక్కడి గింజలు కొలుచుకుపోతున్న ఆ రోజుల్లో, పచ్చి బాలింత జ్వరం దిగి లేచి కూర్చోవడం చిన్న సంగతి కాదు. అందుకే ఈదమ్మ ఇరుగు పొరుగును పిలిచి తలా ఇన్ని ఉడికించిన శెనగ గుడాలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు చేతిలో పెట్టింది.

గుడాలను ఎవరూ చూడలేదు. అందరూ గుడ్డునే చూశారు. శిస్తు లెక్కలు చూసే గిర్దావరు సాబు ఊళ్లో క్యాంపు వేసినప్పుడల్లా పటేలు మనుషులు ఇల్లిల్లూ తిరిగి కోళ్లు పట్టుకుపోతారు. అడగడం ఉండదు, ఇచ్చేదీ ఉండదు. రెండేళ్లలో ఊరంతా కోళ్లగంపలు ఖాళీ అయ్యాయి. ఒక్క ఈదమ్మ దొడ్లోనే పదకొండు పెట్టలు, ఒక పుంజు మిగిలాయి.

"అందరియి పోయినయి. నీయి ఎట్ల మిగిలినయే ఈదీ?" అని అడిగింది జోగులమ్మ. ఆ వాకిట్లో పెద్ద వయసు ఆమెదే. దేవుళ్లన్నా దయ్యాలన్నా సమానమైన భయం ఆమెకు.

"అడిగినవా ఒదినె, ఇగ ఇను," అని ఈదమ్మ కొంగు నడుముకు బిగించింది.

"జములుకు ఏడో నెల పడంగనే నాకు పరేషాన్ పట్టుకున్నది. కాన్పయినంక దినాం ఒక గుడ్డు, వారానికోసారి కోడిరసం లేకపోతె పిల్ల లేవదు, పాలు పడవు. కోళ్లను గంపకింద పెడ్తె ఉంటయా? జంగయ్య వస్తడు, గంప లేపుతడు, కాళ్లు కట్టి భుజానేసుకుంటడు. పాపం, సేత్‌సింధి కొలువు, ఊరి కావలి పని, వానిది, పటేలు ఎట్ల చెప్తె గట్ల. గప్పుడు చూసిన గడి ఎనక పెంట మీద కుక్క గూడు. దొర వేటకుక్క సచ్చింది గదా, టైగరని, దూడంత ఉండె. దాని గూడది. టేకు చెక్క, ముంగట ఇనుప సలాకలు, మీద రేకు. మనమందరం ఉండే ఇండ్లకంటె నయం. నేను వెట్టికి వోయి వాకిలి ఊడుస్తున్న. 'దొరసానీ, గది నాకియ్యుండ్రి' అన్న. 'నీకు కుక్కెక్కడిదే?' అన్నది. 'గూడుంటె కుక్క అదే వస్తది' అన్న. నవ్వింది. తీస్కపో అన్నది."

"ఇక్కడిదాంక నిజమే," అన్నది జోగులమ్మ. "నేను గూడ ఉంటి."

"ఉంటివి, చూస్తివి. ఒక్కదాన్నే లేపిన. ఒక్కసారి ఊపిరి పట్టి, నెత్తిమీదికి! మధ్యల బొడ్రాయికాడ గాలిదుమారం లేసింది చూడు, రేకు కింద గాలి జొరబడి, నా కాళ్లు భూమిమీద ఉంటె ఒట్టు. కుమ్మరోళ్ల ఇంటి మీదికెల్లి పోతున్న, పెనక మీద ఎండేసిన మిరపకాయలు అగుపడుతున్నయి. నేను గట్టిగ ఎడమదిక్కు వంగిన. వంగితె సక్కగ వచ్చి మా దొడ్లనే దిగిన."

"అత్తా, గా గూడు మొయ్యనీకె మేం నలుగురం ఉంటిమి," అన్నది సత్యమ్మ. మొన్ననే కాపురానికి వచ్చిన పిల్ల, ఇంకా మర్యాదకు నోరు మూసుకోవడం అలవాటు కాలేదు. "నా మెడ ఇంక నొస్తుంది."

"మీరు పట్టినట్టు చేసిండ్రు తియ్యి. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? గూడు అంటె అయిందా? కుక్కకు ఒక తీరు, కోడికి ఒక తీరు. కుక్క నేల మీద పంటది, కోడికి ఎక్కి కూసోను అడ్డకర్ర కావాలె. సలాకల సందు కుక్కకు సరిపోతది, కోడికైతే ముంగిస దూరి మెడ కొరుకుతది. ఈతబరిగెలు తెచ్చి సలాకల నడుమ సాప అల్లినట్టు అల్లిన, ఒక్క పూటల! గూడు కింద తేమ ఉండొద్దని నాలుగు రాళ్లు పెట్టిన. ఒక్కొక్క రాయి ఎంతుండె అనుకున్నరు? గడి ముంగటి ఏనుగు బొమ్మంత. మూడు కోసుల నుంచి దొర్లిచ్చుకొచ్చిన."

"మీ బాయి గట్టు రాళ్లే గదనే అవి," అన్నది జోగులమ్మ.

"బాయి గట్టున పెట్టిందెవరు? మా తాత. ఆయన మూడు కోసుల నుంచే తెచ్చిండు. ఒకటే మాట గాదా? ఇగ తిరగనీకె జాగ కావాలె గద కోళ్లకు. తుమ్మకంపతోని చుట్టు కంచె కొట్టిన. మీదికెల్లి గద్ద వస్తది. క్రిష్ణ ఒడ్డుకు వోయి బెస్తోళ్ల తాన చిరిగిన వల అడుక్కొచ్చి మీద కప్పిన. ఆ వలల మొదటిరోజే ఏడు గద్దలు చిక్కినయి, ఒక డేగ, ఒక..." ఆమె కాస్త ఆలోచించింది. "ఒక నెమలి."

ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. లోపలి నుంచి జములమ్మ గొంతు వినిపించింది: "అమ్మా, నెమలి వద్దు. నమ్మరు."

"సరే, నెమలి తీసేద్దం. గాని నా కోళ్లు కుక్క గూట్ల పంటె పంటె కుక్క గుణం అబ్బింది చూడుండ్రి. మొదటి వారం తోకలు ఊపినయి. రెండో వారం నేను పొలం నుంచి రాంగ ఎదురొచ్చి కాళ్లు నాకబోయినయి, నాలుక చాలక ఊకున్నయి. మూడో వారం నక్క వచ్చింది. నా ఎర్రపెట్ట లేదా? లేసి ఉరికిచ్చింది ఒదినె నక్కను! ఊరు దాటిచ్చె, వాగు దాటిచ్చె, క్రిష్ణల దుంకిచ్చె. నక్క ఈదుకుంట రాయచూరు దిక్కు తేలింది. ఇప్పటికి గా దిక్కు నక్కలకు కోడిని చూపెడ్తె 'బేడ, బేడ' అంటయట. కన్నడంల వద్దు అని."

వాకిలంతా గొల్లుమంది. సత్యమ్మ గుడ్డు నోట్లో పెట్టుకుని పొలమారి, జోగులమ్మ చేత వీపు మీద దెబ్బలు తిన్నది. మూలకు కూర్చున్న కుబ్రా బేగం మాత్రం చాదరు అంచు నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు కాకుండా నవ్వింది. ఆమెది గోడ పక్క ఇల్లు. భర్త నబీ సాబ్ సంతలు తిరిగి అత్తరు, సుర్మా అమ్ముతాడు. ఆడదాని గొంతు వాకిలి దాటితే ఇంటి పరువు పోతుందని ఆయన పట్టుదల. పరువును ఆడదాని శరీరంలో ఎక్కడో ఒకచోట దాచిపెట్టడం అన్ని కులాల, అన్ని మతాల మగవాళ్లకూ ఉన్న తెలివే. నబీ సాబ్ దాన్ని గొంతులో దాచాడు. పెళ్లయి పదేళ్లు కావడంతో కుబ్రా ఆడవాళ్ల మధ్య కూడా గుసగుసగానే మాట్లాడుతుంది.

"ఇగ అసలు కథ ఇనుండ్రి," అన్నది ఈదమ్మ. "క్యాంపు పడ్డది. గిర్దావరు జవాను, వెంట జంగయ్య. ఇల్లిల్లు చూసుకుంట నా తలుపుకాడికి వచ్చిండ్రు. నేను కోళ్లను గూట్లెకు తోలి, ముంగట గోనె పరదా ఏసి, తలుపుకు అడ్డం నిలవడ్డ. 'కోళ్లేవి?' అన్నడు జవాను. 'కోళ్లు లేవు, కుక్క ఉన్నది' అన్న. గూటి మీద దొర పెట్టిచ్చిన పలక అట్లనే ఉంచిన, తెలివి నాదే..."

"నీకు అక్షరం ముక్క రాదు గదనే," అన్నది జోగులమ్మ.

"కుబ్రా బీ చదివి చెప్పింది లే. తుర్కంల, గదే ఉర్దూల, ఉన్నదట, 'ఖబర్దార్, కుక్క కరుస్తది' అని. తీసేద్దమంటె వద్దన్నది. జవాను పలక చదివిండు. చదివి, 'పలక కరుస్తదా?' అని నవ్వుకుంట దొడ్డి దిక్కు ఒక అడుగు ఏసిండు. గప్పుడు... గప్పుడు గూట్లకెల్లి నా కోళ్లు మొరిగినయి."

అందరూ ఒక్కసారే నవ్వారు. జోగులమ్మకు కళ్ల నీళ్లు వచ్చాయి.

"మొరిగినయే! భౌ భౌ అని! జవాను చెప్పులిడిచి ఉరికిండు. ఒక చెప్పు పెద్దమందడిల దొరికిందట, రుమాలు వనపర్తిల దొరికిందట, మనిషి మాత్రం ఇంక దొరకలే. గిర్దావరు పప్పు తిని పండుకున్నడు. 'ఈ ఊరి కోళ్లు కరుస్తయి' అని పట్నం కచేరికి కాయితం రాసిండు. ఇంక రెండుసార్లు వచ్చిండ్రు, రెండుసార్లు మొరిగినయి!"

"ఇగ సాలు తియ్యే తల్లీ," అన్నది జోగులమ్మ. "కడుపు నొస్తుంది. మొరిగినయట! రేపు గుడ్లు కరుస్తయంటవు."

ఎప్పుడూ నవ్వితే పొంగిపోయే ఈదమ్మ మొహం ఆ ఒక్కసారి చిన్నబోయింది.

"ఒదినె, నేను మొయ్యలే. మీరే మోసిండ్రు. రాళ్లు బాయికాడియే. సలాకల నడుమ అల్లింది నేనొక్కదాన్నే గాదు, కుబ్రా బీ ఇటుదిక్కు, నేను అటుదిక్కు, పదిరోజులు పట్టింది. నక్క మా పెరటికి గూడ రాలే. జవానుకు రెండు చెప్పులు ఉండె. గాని మొరిగింది మాత్రం నిజం. నేను తలుపుకాడున్న, మొరుగుడు గూటికాడికెల్లి వచ్చింది. వాండ్లు పోయినంక గోనె లేపి చూసిన. పన్నెండు కోళ్లు, ఇంకేం లేదు. లోపల పండుకున్న నా బిడ్డ మీద ఒట్టు."

నవ్వు ఆగిపోయింది. కోతలు కోసేదైనా, ఈదమ్మ పచ్చి బాలింత మీద అబద్ధపు ఒట్టు వేయదని అందరికీ తెలుసు.

జోగులమ్మ గుడ్డు పొట్టు చేతిలో పట్టుకుని మెల్లగా లేచింది. "అయితె అది కోడి గాదు. టైగరే. సచ్చినా గూడు ఇడిసిపెట్టలే. మూడుసార్లు నీ ఇల్లు కాపాడింది. మల్ల దానికేం పెట్టినవే?"

"ఏం పెట్టాలె?"

"ఏమంటవే పిచ్చిదానా! సాయం చేసిన దయ్యానికి మొక్కు చెల్లియ్యకపోతె ఎవరి మీద పడతది? ఇంట్ల పచ్చి బాలింత ఉన్నది, పసికూన ఉన్నది. ఇరవై ఒక్క దినాలు నిండినయి. ఇయ్యాలనే పుంజును కొయ్యాలె. గూటికి రక్తం బొట్టు పెట్టాలె."

"పుంజునా?" అన్నది ఈదమ్మ. "ఉన్నది అదొక్కటే. పుంజు పోతె పిల్లలెట్లయితయి ఒదినె? ఈ పెట్టలు ముసలియైతె మల్ల కోడి ఏడికెల్లి వస్తది? ఊర్లె ఇంకోటి లేదు."

"కోడి పెద్దదా, బిడ్డ పెద్దదా?"

జీవితమంతా మాటతో గెలిచిన మనిషి తన మాటకే చిక్కింది. ఇప్పుడు కాదంటే కూతురి మీద వేసిన ఒట్టు అబద్ధమవుతుంది. ఔనంటే పుంజు మెడ తెగుతుంది. ఆమె దొడ్లోకి వెళ్లి, గోనె పైకెత్తి, పుంజును చంకలో పెట్టుకుని వచ్చింది. అది కొత్తేమీ కాదన్నట్టు ఆమె మెడ మీద ముక్కు రాస్తోంది. సత్యమ్మ కొడవలి తెచ్చింది. జోగులమ్మ పసుపు కోసం లోపలికి కేక వేసింది.

"తీసుకోండ్రి," అంటూ ఈదమ్మ మొహం అటు తిప్పుకుని పుంజును ముందుకు చాపింది.

"భౌ!"

సత్యమ్మ కొడవలి కింద పడేసింది.

"భౌ! భౌ భౌ భౌ!"

అది దూడంత కుక్క గొంతు. గొలుసు తెంపుకుని మీదకు వచ్చే కుక్క గొంతు. జోగులమ్మ రోలు వెనక నక్కింది. పుంజు ఈదమ్మ చేతిలోంచి ఎగిరి పందిరి మీద కూర్చుంది. గూటి దగ్గర ఎవరూ లేరు. అందరూ మూలకు చూశారు.

కుబ్రా బేగం లేచి నిలబడి ఉంది. చాదరు భుజాల మీదికి జారింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"పుంజును కొయ్యకుండ్రి," అన్నది, మళ్లీ గుసగుసగా. "టైగర్ లేదు, దయ్యం లేదు. నేనే."

"నువ్వా?" అన్నది ఈదమ్మ. ఆమె జీవితంలో ఒక్క మాటతో ఆగిన వాక్యం అదే కావచ్చు.

"గూడు మా గోడకే ఆనుకోని ఉన్నది గద ఈదక్కా. గోడల చిన్న బొక్క ఉన్నది. జంగయ్య వాకిట్లకు రాంగనే నాకు కండ్లబడతడు. నోరు బొక్కకు పెట్టి మొరిగిన. చిన్నప్పుడు మా నాయిన తాన మేకలు కాసిన, కుక్క లెక్క మొరగొస్తది."

"మీ ఆయనకు తెలిస్తె?" అన్నది జోగులమ్మ, రోలు వెనక నుంచే.

"ఆయన ఏమన్నడు? నీ గొంతు పరాయి మొగోనికి వినపడొద్దన్నడు." కుబ్రా బేగం చాదరు సర్దుకుంది. "కుక్క గొంతు గురించి ఏమన్లే."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో వాళ్లకు తెలియలేదు.

"నా షాహెదా పుట్టినప్పుడు నాకూ రెండు కోళ్లుండె," అన్నది కుబ్రా. "క్యాంపు పడ్డది. తలుపు తోసి గంప లేపుతుండ్రు. నేను అర్ర లోపల పండుకోని అన్నీ వింటున్న. ఒద్దు అని ఒక్క మాట అంటె ఏమైతుండెనో. అన్లేదు. పరాయి మొగోడు గద. నాకు పాలు పడలే. పిల్ల మేకపాల మీద పెరిగింది. జములు కాన్పుకు గూడ గదే చప్పుడు గోడ అవతల వినవడితె... నోరు ఊకోలే ఈదక్కా."

ఈదమ్మ ఆమె దగ్గరికి వెళ్లింది. కాళ్లు మొక్కుతుందేమోనని కుబ్రా వెనక్కి జరిగింది. ఈదమ్మ మొక్కలేదు. రెండు చేతులతో ఆమె గడ్డం పట్టుకుని, ఎప్పుడూ చూడని వస్తువును చూసినట్టు ఆ నోటినే చూసింది.

"నా పిల్ల పాలు గీ నోట్లకెల్లి వచ్చినయి," అన్నది. "మూడు నెలలు గీ సంగతి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఊకుంటవా? తెల్లారేసరికి గద్వాలదాక పోతుండె."

ఈసారి అందరూ నవ్వారు, ఈదమ్మ కూడా. "పోతుండె," అని ఒప్పుకుంది. "నిజమే. మరి నీకేమియ్యాలె నేను? అడుగు. పెట్ట కావాల్నా? రెండు పెట్టలు తీస్కపో."

"నన్ను నీ కోతల్ల పెట్టకు ఈదక్కా. గంతే చాలు. ఆయనకు తెలిస్తె గోడల బొక్క పూడుస్తడు. మల్ల క్యాంపు పడితె మొరిగేటోళ్లు ఉండరు."

ఈదమ్మను తెలిసిన వాళ్లకు అది ఎంత పెద్ద కోరికో తెలుసు. పెట్టలన్నీ అడిగినా ఇంత బరువు ఉండేది కాదు. ముప్పై ఏళ్లుగా వెతుకుతున్న కథ, కోత అవసరం లేని కథ, చేతికి వచ్చింది. దాన్ని నోట్లోనే ఉంచుకోమంటున్నారు.

అప్పుడే బయట నుంచి గొంతు వినిపించింది. "ఈదక్కా! గా కుక్కను కట్టేసినవా? నేను గీ తొవ్వనే పోవాలె!"

జంగయ్య. కుబ్రా బేగం చాదరు మొహం మీదికి లాక్కుని తలుపు చాటుకు తప్పుకుంది. జోగులమ్మ ఈదమ్మ కొంగు పట్టుకుంది. ఈదమ్మ విడిపించుకుని గడప మీదికి వెళ్లింది. నోరు తెరిచింది. సత్యమ్మ కళ్లు మూసుకుంది.

"కుక్కెక్కడిది జంగన్నా!" అన్నది ఈదమ్మ. "మొరిగింది మా పుంజు. అగో, పందిరి మీద కూసున్నది చూడు. దినాం మొరుగుతది. మొన్న ఒక నక్కను రాయచూరు దాక..."

"నీకు దండం తల్లీ, నీ కోతలు నీ తాననే ఉంచుకో. కోడి మొరుగుతదట! నేనేమన్న పిచ్చోన్నా? గంత గొంతు మూరెడు దవడ ఉన్న కుక్కకే ఉంటది. ఇంకొక్కసారి నీ వాకిలి తొక్కితె ఒట్టు. జవాను సాబుకు గూడ చెప్త."

అడుగుల చప్పుడు గడి వైపు సాగిపోయింది. తలుపు చాటున, మూరెడు దవడ గల కుబ్రా బేగం నోట్లో చాదరు కుక్కుకుని కిందికి జారిపోయింది, నవ్వుతో. జములమ్మ బిడ్డను ఎత్తుకుని గడప దాటి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా ఆమె ఒడిలో పడుకోబెట్టింది.

సత్యమ్మ కొడవలి తీసి చూరులో చెక్కింది. "అత్తా," అన్నది మెల్లగా, "రేపు బాయికాడ గీ కథ ఎట్ల చెప్తవు?"

"ఏ కథ?" అన్నది ఈదమ్మ.